సావెతా బుజోర్ చూసిన మసక

సావెతా బుజోర్ మా ఆసుపత్రి నేలమాళిగలోని ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. నేను మూడో అంతస్తులో, పిల్లలకు మెదడు ఆపరేషన్లు చేసే వార్డులో నర్సుని. చేరిన కొత్తలో ఆమె ముఖం కంటే ఆమె చేతిరాతే నాకు ఎక్కువ తెలుసు. పిల్లల మెదడు నుంచి తీసిన నీటిని, అందులో క్రిములు పెరుగుతాయేమో చూడమని, చిన్న సీసాలో పోసి కిందికి పంపేవాళ్ళం. అయిదో రోజున ఒక చీటీ పైకి వచ్చేది. నీలిసిరాతో, బడిపిల్ల రాసినట్టు నిటారుగా ఉండే అక్షరాలు: "ఏమీ పెరగలేదు. బుజోర్." ఆ చీటీ కోసం తల్లులు మెట్ల దగ్గర నిలబడి ఉండేవారు. చదివి వినిపిస్తే శిలువ గుర్తు వేసుకుని ఏడ్చేవారు. నేనూ వాళ్ళతోపాటు ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ మాటను చూసి భయపడే రోజు వస్తుందని అప్పట్లో అనుకోలేదు.

మా వార్డులో సగం మంది తలలో నీరు చేరిన పిల్లలే. మెదడులో ఊరే నీటికి బయటికి దారి లేకపోతే తల పెరుగుతూ పోతుంది. అందుకని చెవి వెనక నుంచి, మెడ మీదుగా, చర్మం కింద ఒక సన్నటి గొట్టం వేసి ఆ నీటిని కడుపులోకి దింపుతారు. గొట్టం బాగున్నన్నాళ్ళూ బిడ్డ అందరిలాంటి బిడ్డే, ఆడుతుంది, అల్లరి చేస్తుంది. ఆ గొట్టానికి క్రిమి పట్టిందంటే మాత్రం ఒక్క మందులతోనే పోదు. గొట్టం మొత్తం లాగెయ్యాలి. తల నుంచి నీటిని బయట వేలాడే సంచిలోకి కార్చాలి. వారాల తరబడి యాంటీబయాటిక్ ఎక్కించాలి. నీరు శుభ్రమైందని కింది నుంచి చీటీ వచ్చాకే కొత్త గొట్టం.

ఈ సంగతి జరిగేనాటికి సావెతాకు నలభై ఎనిమిదేళ్ళు. సిరెత్ నది అవతలి పల్లె మనిషి. భర్త రైల్వేలో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. ఒక్కతే కూతురు. ఆ కూతురి జ్ఞానస్నానం నాడు ఎత్తుకుని జ్ఞానమాతగా నిలిచింది మా ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించే నర్సు ఔరికా. సావెతా, ఔరికా ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకే సంవత్సరం ఉద్యోగంలో చేరారు. ఔరికా గొంతు మూడంతస్తులకూ వినిపించేది. సావెతా మాట వినాలంటే మాత్రం దగ్గరికి వెళ్ళి నిలబడాలి.

1993 శరదృతువులో సావెతాకు, సీసాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె వెనకపడి మర్చిపోయిన సీసా ఒకటి దొరికింది. పన్నెండు రోజుల కిందటి నీరు. అయిదో రోజున "ఏమీ పెరగలేదు" అని తనే రాసిచ్చింది. ఇప్పుడు దాని అడుగున పొగలాంటి మసక. ఎవరి సీసానో చూద్దామంటే అంటించిన కాగితం చెమ్మకి ఊడిపోయింది. ఆ రోజు నుంచి ఆమె పిల్లల మెదడు నీటి సీసా ఒక్కటి కూడా పద్నాలుగు రోజుల లోపు పారెయ్యలేదు. చీటీ మాత్రం రూలు ప్రకారం అయిదో రోజునే పంపేది. ఇంక్యుబేటర్ కింది అర నిండా సీసాలే.

"సావెతక్క ఊరగాయలు పెట్టింది, ఈ ఏడు క్యాబేజీ ఎక్కువ పండినట్టుంది," అని ప్రయోగశాలలో వాళ్ళు ఎగతాళి చేసేవారు.

"మీకు పెట్టను లెండి," అనేది.

1994 ఫిబ్రవరిలో ఇలీన్కా అనే నాలుగేళ్ళ పాపకు పాత గొట్టం మూసుకుపోతే డాక్టర్ లుపాష్కు కొత్తది వేశాడు. మూడు వారాలకు జ్వరంతో తిరిగి వచ్చింది. వాళ్ళమ్మ సాందా కొండపల్లెలో మేకలు పెంచుకునే మనిషి. పిల్లను గొర్రెచర్మపు కోటులో చుట్టి తెచ్చింది. కడుపు నొప్పి, వాంతులు, మెడ మీద గొట్టం వెంబడి ఎర్రటి చార. లుపాష్కు గొట్టం తీసేసి తలకు బయటి సంచి పెట్టాడు. మామూలుగా వాడే యాంటీబయాటిక్ మొదలుపెట్టాడు. ఇలీన్కా ఊరికే ఉండే పిల్ల కాదు. సంచిలోకి చుక్కచుక్కగా పడే నీటిని చూస్తూ, "ఇవాళ మేక ఎన్ని పాలిచ్చింది సిస్టరమ్మా?" అని అడిగేది.

"అర గ్లాసు."

"దానికి మేత చాలట్లేదు."

అయిదో రోజున చీటీ వచ్చింది, ఏమీ పెరగలేదని. జ్వరం కూడా తగ్గింది. మందు ఆపేశాం. పదో రోజు పొద్దున కొత్త గొట్టం వేయడానికి పాపను తీసుకెళ్ళారు.

అదే పొద్దున సావెతా మెట్లెక్కి పైకి వచ్చింది. ఆమె పైకి రావడం నేను చూడటం అదే మొదలు. చేతిలో మూతపెట్టిన గాజు పళ్ళెం. ఆపరేషన్ గది బయట లుపాష్కు మాస్కు దించుకుంటున్నాడు, పక్కన ఔరికా చేతులు కడుక్కుంటోంది. పని అయిపోయింది.

"ఎప్పటి సీసా ఇది?" అన్నాడు లుపాష్కు, పళ్ళాన్ని వెలుతురుకు పట్టి. గుండుసూది మొనంత తెల్లటి చుక్కలు, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనబడనివి.

"ఇలీన్కా మొదటి సీసా. ఎనిమిదో రోజుకు అడుగున మసక పట్టింది. పళ్ళెం మీద వేస్తే ఇవి లేచాయి."

"అయిదో రోజున ఏమీ లేదని రాసింది నువ్వే కదమ్మా."

"నేనే."

"ఇది ఒంటి మీద ఉండే పురుగు. నీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. రోజూ మూత తీసి చూస్తూ కూర్చుంటే ఎవరి చేతి నుంచైనా పడుతుంది. దీనికోసం ఇప్పుడు పిల్లకు మళ్ళీ తల తెరవమంటావా?"

ఔరికా నవ్వింది. "ఊరగాయకు బూజు పట్టిందా సావెతా? ఉప్పు తక్కువేసి ఉంటావు."

సావెతా పళ్ళెం తీసుకుని దిగిపోయింది. లుపాష్కు చెడ్డవాడు కాదు. ఆ వారంలో అది అతని పద్నాలుగో ఆపరేషన్. పైగా అతను చెప్పింది పదింట తొమ్మిదిసార్లు నిజమే, అలాంటి పురుగు సాధారణంగా బయటి నుంచి పడేదే. సావెతాకూ ఆ సంగతి తెలుసు. అందుకే ముందు తన చేతినే అనుమానించింది. తన వేళ్ళ మీద, ప్రయోగశాలలో ప్రతి ఒక్కరి వేళ్ళ మీద దూదిపుల్ల తిప్పి పళ్ళాల మీద రాసింది. అందరికీ ఒంటి పురుగులే పెరిగాయి, కానీ రెండు రోజుల్లోనే, పెద్ద పెద్ద చుక్కలుగా. ఇంత నెమ్మదిగా, ఇంత చిన్నగా పెరిగేది ఎవరి దగ్గరా లేదు. తర్వాత ఏ మందుకు చస్తుందో చూసింది. ఇలీన్కాకు ఎక్కించిన మందు దాన్ని ఏమీ చేయలేదు. క్షయకు వాడే ఎర్రమందుకూ లొంగలేదు. ఒక్క వాంకోమైసిన్‌కే లొంగింది.

ఏప్రిల్‌లో అయిదు నెలల రారెష్ వచ్చాడు. మార్చిలో మా దగ్గరే గొట్టం వేయించుకున్న బిడ్డ. పాలు తాగడు, ఏడుపు సన్నటి కూతలా ఉంది, మాడు ఉబ్బి మెరుస్తోంది. మూడు రోజులు వరుసగా అతని తల నీరు కిందికి పంపాను. అయిదో రోజున చీటీ రాలేదు. నేనే దిగి వెళ్ళాను.

"ఇంకా రాయలేదేం సావెతక్కా?"

"రాయను. రాస్తే మీరు మందు ఆపేస్తారు."

కింది అర తలుపు తీసి చూపించింది. మూడు సీసాలు. నాకు నీళ్ళలాగే కనిపించాయి.

"నాకేం కనబడటం లేదక్కా."

"నాకూ కనబడటం లేదు. అందుకే భయంగా ఉంది," అంది.

ఏడో రోజున మూడు సీసాల్లోనూ మసక పట్టింది. ఆ మధ్యాహ్నమే ఇలీన్కాను వాళ్ళమ్మ మళ్ళీ మోసుకొచ్చింది. ఈసారి పాప మేక గురించి అడగలేదు. వెలుతురు చూడలేక కోటులో ముఖం దాచుకుంది.

సావెతా రెండోసారి పైకి వచ్చినప్పుడు లుపాష్కు కూర్చుని విన్నాడు.

"ఒక్క సీసాలో పడితే నా చెయ్యి అనండి," అంది ఆమె. "మూడు రోజుల నీళ్ళు, ఇద్దరు పిల్లలు, అదే పురుగు, అవే మందులకు లొంగదు. నా చేతుల మీద లేదు, చూసుకున్నాను. వీళ్ళిద్దరినీ ముట్టుకున్న చేతుల మీద ఉంది."

లుపాష్కు రెండు చేతులూ బల్ల మీద చాపాడు. "ముందు నావి తీసుకో." వారం చూసినా ఆయన చేతుల మీద ఆ పురుగు లేవలేదు.

ఆ రోజుల్లో వాంకోమైసిన్ మా ఊళ్ళో దొరికేది కాదు. రాజధాని నుంచి రైలు కండక్టరు చేతికిచ్చి పంపేవారు. బండి వచ్చే వేళకు మాలో ఒకరం స్టేషన్‌లో నిలబడేవాళ్ళం. మొదటి పొట్లం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. రారెష్ అప్పటికే కళ్ళు తెరవడం మానేశాడు. నరం ద్వారా గంటన్నర సేపు నెమ్మదిగా ఎక్కించాం, తొందరపడితే ఒళ్ళంతా ఎర్రగా కందిపోతుంది. ఆ మందు నరంలోంచి మెదడులోకి చేరేది కొంచెమే అని లుపాష్కు తలకు పెట్టిన గొట్టంలోంచి కూడా నేరుగా వేశాడు. మూడో రోజున బిడ్డ చనిపోయాడు. అది ఈస్టరుకు ముందు గురువారం.

ఆ గురువారం మా దగ్గర గుడ్లకు ఎర్రరంగు వేస్తారు. వార్డు వంటగదిలో ఔరికా ఇద్దరు తల్లులను పక్కన పెట్టుకుని పొద్దుటి నుంచి ఆ పనిలోనే ఉంది. పిల్లలకు పండగ తెలియాలి కదా అని ప్రతి ఏడూ తనే చేసేది. రారెష్ కబురు తెలిసి సావెతా పైకి వచ్చింది. నేను వంటగది గుమ్మం దగ్గర ఏడుస్తున్నాను. సావెతా నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి చూసి, అలాగే ఆగిపోయింది.

ఔరికా గుడ్డుకు నూనె రాస్తోంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ, అరచేతి మీద ఎర్రరంగు గీతలుగా ఇంకిపోయి ఉంది. చర్మంలో ఎన్ని పగుళ్ళున్నాయో అన్నీ ఆ రంగు గీసి చూపిస్తోంది.

తల్లులిద్దరూ బయటికి వెళ్ళేదాకా సావెతా ఆగింది.

"ఔరికా, చెయ్యి ఇలా పట్టు."

"రంగే. సబ్బుతో పోతుంది."

"రంగు కిందది."

ఔరికా గుడ్డు దించింది. "ఇప్పటిదా ఏంటి? రెండేళ్ళయింది. చేతులు కడుక్కోను ఆ క్లోరిన్ నీళ్ళు ఇచ్చినప్పటి నుంచి ఇంతే. చలికాలంలో నెత్తురు కూడా వస్తుంది. అయినా చేతికి తొడుగులుంటాయిగా."

"ఉతికి, ఆరేసి, పౌడరు చల్లి మళ్ళీ వేసుకునే తొడుగులు."

"కొత్తవి నువ్విస్తావా?"

"ఆ గొట్టాన్ని ఉప్పునీళ్ళ గిన్నెలో ముంచి తీసేది నువ్వే కదా. వేళ్ళతోనే."

"ఇరవై ఆరేళ్ళుగా నేనే. ఏం చెప్పాలనుకుంటున్నావో సూటిగా చెప్పు."

"ఒక్క దూదిపుల్ల తిప్పుతాను. ఇంకేం లేదు."

ఔరికా ముఖంలో రంగు మారింది. గొంతు మాత్రం, ఆమె జీవితంలో మొదటిసారి అనుకుంటా, చిన్నదైంది. "నీ కూతుర్ని జ్ఞానస్నానపు తొట్టిలోంచి ఎత్తుకున్న చేతులివి. నా ఎదుట నిలబడి ఆ బిడ్డను చంపింది నేనంటున్నావు. పో ఇక్కణ్ణుంచి."

సావెతా వెళ్ళిపోయింది. ఆ ఈస్టరుకు ఇరవై ఏళ్ళలో తొలిసారి వాళ్ళిద్దరూ వేర్వేరు గుళ్ళకు వెళ్ళారు.

వార్డులో ఇలీన్కా ఉంది. కొత్త గొట్టం కూడా తీసేశారు, తలకు మళ్ళీ సంచి. రోజూ పొద్దున పదింటికి లుపాష్కు పది మిల్లీగ్రాముల మందు తలలోకి చుక్కచుక్కగా వేసేవాడు. అది బయటికి కారిపోకుండా గంటసేపు గొట్టం బిగించి ఉంచాలి. ఆ గంట నాది. బిగించినంతసేపూ తలలో నీరు ఊరుతూనే ఉంటుంది, పోయే దారి ఉండదు. నేను పాప కళ్ళలోకే చూస్తూ కూర్చునేదాన్ని. కంటిపాపలు రెండూ ఒక్కలా ఉన్నాయా, నిద్రపోతోందా, నిద్రేనా అది. సాందా మంచం అవతల నిలబడి నా ముఖం చూసేది. నేను రెప్పవేస్తే ఆమె ఉలిక్కిపడేది.

"నీకు పిల్లలున్నారా సిస్టరమ్మా?" అని ఒకరోజు అడిగింది.

"లేరు."

"మంచిది," అంది. తర్వాత తనే సర్దుకుని, "ఆ అర్థంలో కాదు," అంది. నాకు ఆ అర్థంలోనే వినిపించింది, తప్పుగానూ అనిపించలేదు.

పండగ వెళ్ళాక మంగళవారం ఔరికా నేలమాళిగకు దిగింది. నడుం నొప్పి అని చెప్పి ఆ వారమంతా ఆపరేషన్ గదిలో అడుగుపెట్టలేదు. ఇవన్నీ నాకు తర్వాత సావెతా చెప్పింది. ఔరికా కోటు కూడా విప్పకుండా బల్ల ముందు కూర్చుని రెండు చేతులూ చాపిందట. సావెతా పుల్ల తిప్పింది, వేలికో పళ్ళెం. మర్నాడు ఔరికా మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడూ. పనివేళ అయ్యేసరికి రావడం, పళ్ళాల వంక చూడటం, వెళ్ళిపోవడం. రెండో రోజునే కొన్ని పళ్ళాల మీద అందరికీ ఉండే పెద్ద చుక్కలు లేచాయి. "ఇదేనా?" అంటే, "కాదు, ఇది నాకూ ఉంది," అంది సావెతా. ఔరికా ఆ రోజు కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకుందట.

ఏడో రోజున కుడిచేతి మూడు పళ్ళాల మీద గుండుసూది మొనలు లేచాయి. మందులతో పరీక్షించడానికి ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఔరికా రాలేదు. నాలుగో రోజు సావెతా కబురు పెడితే దిగివచ్చింది.

"అదేనా?"

"అదే."

ఔరికా చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత అడిగింది: "రారెష్, ఇలీన్కాల కంటే ముందు ఎవరైనా ఉన్నారా? నువ్వు రిజిస్టరు చూసే ఉంటావు."

"చూశాను," అంది సావెతా. "ఎవరూ లేరు."

ఈ విషయం కాగితాల మీద ఎక్కడా రాలేదు. చర్మవ్యాధి కారణంగా బదిలీ అని రాసి ఔరికాను బట్టల గదికి మార్చారు. రారెష్ తల్లిదండ్రులకు మెదడువాపు అని చెప్పారు, అది అబద్ధమేమీ కాదు. లుపాష్కు రాజధానికి వెళ్ళి ఎవరెవరి గుమ్మాల ముందో కూర్చుని కొత్త తొడుగులు తెప్పించాడు. ప్రతి ఒక్కరూ రెండు జతలు వేసుకోవాలి. గొట్టాన్ని వేలితో ముట్టకూడదు, పటకారుతోనే ఎత్తాలి. మెదడు నీటి సీసాలకు పద్నాలుగు రోజుల రూలు కూడా ఆయనే పెట్టాడు. జ్వరంతో తిరిగివచ్చే పిల్లలు ఆ ఏడాది బాగా తగ్గారు. ఎగతాళి చేసినవాళ్ళు సావెతా గదిలోకి వచ్చినప్పుడు నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అది ఆమెకు నచ్చలేదు.

ఇలీన్కా నీరు మే మొదటి వారంలో శుభ్రపడింది. పద్నాలుగు రోజులు గడిచినా సీసాలు తేటగానే ఉన్నాయి. జూన్‌లో తలకు రెండో వైపు నుంచి గొట్టం వేశారు. వెళ్ళేరోజు పాప నడవడం మర్చిపోయినట్టు మంచం పట్టుకుని నిలబడింది. ఎడమకాలు కొద్దిగా ఈడ్చేది. మాటలు మాత్రం అన్నీ తిరిగొచ్చాయి.

ఔరికా బట్టల గదిలో పదకొండేళ్ళు పనిచేసింది. క్లోరిన్ వదిలేశాక ఆమె చేతులు మానిపోయాయి. ప్రతి ఏటా రారెష్ పేరున కొవ్వొత్తి వెలిగించేది, చనిపోయినవాళ్ళ కోసం గుడిలో పంచే తీపి గోధుమల ముద్ద చేసి తెచ్చేది. సావెతా పక్కనే నిలబడేది. ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు, పండగలు కలిసి చేసుకున్నారు. కానీ సావెతా ఇంట్లో పిండి కలిపే పని ఔరికా ఎప్పుడూ ముట్టుకోలేదు, సావెతా ఎప్పుడూ ముట్టుకోమనలేదు.

ఔరికాను మట్టిచేసి వస్తున్న రోజు, ట్రామ్‌లో నా పక్కన కూర్చుని సావెతా చెప్పింది.

"పదకొండు మంది."

"ఎవరక్కా?"

"దాని చేతులు పగిలినప్పటి నుంచి నేను సీసాలు దాచడం మొదలుపెట్టేదాకా. గొట్టం వేశాక జ్వరంతో వచ్చినవాళ్ళు. ఔరికా పనిముట్లు అందించిన రోజుల్లోనివాళ్ళు. పదకొండింటికీ అయిదో రోజున నేనే రాశాను, ఏమీ పెరగలేదని. మీరు మందు ఆపారు. నలుగురు పోయారు."

నాకు ఆ పిల్లల్లో కొందరి పేర్లు గుర్తున్నాయి. ఒకళ్ళ తల్లి నన్ను కావలించుకుని మరీ ఆ చీటీ తీసుకుంది.

"అదే పురుగని ఎలా అనుకుంటావు? సీసాలు లేవు కదా."

"లేవు. అందుకే అదని అనలేను, కాదనీ అనలేను." కిటికీలోంచి బయటికి చూసింది. "ఔరికాకు లేరని చెప్పాను. అది నమ్మిందో లేదో కూడా తెలియదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడుగుతుందేమోనని పదకొండేళ్ళు దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను."

ఆమె స్టాపు వచ్చింది. మోకాళ్ళ నొప్పితో కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

సావెతాకు ఇప్పుడు డెబ్భై దాటాయి. ఇలీన్కా పెద్దదై ఊళ్ళో ఒక రొట్టెల దుకాణంలో పనిచేస్తోంది. ఆ గొట్టం ఇప్పటికీ తలలో ఉంది. పోయిన నెల రెండు రోజులు ఆమెకు జ్వరం వచ్చింది. సాందా నాకు ఫోన్ చేస్తే నేను సావెతాకు చేశాను. చెప్పకుండా ఉండాల్సింది. మూడో రోజున జలుబే అని తేలాక మళ్ళీ చేశాను. ఒక్కసారి మోగగానే ఎత్తింది.

"జలుబేనట అక్కా. తగ్గిపోయింది."

"ఎన్ని రోజులయింది తగ్గి?"

"నిన్నటి నుంచి."

"సరే," అంది. "ఇంకో రెండు వారాలు చూడమను."